నా గేటు పక్కన యాదమ్మ నందివర్ధనం

ఆరేళ్లుగా ఒక మొక్కను చూసి మొహం తిప్పుకుంటున్నాను. అది మా ఇంటి గేటు పక్కనే ఉంటుంది. అంటే బయటికి వెళ్లేటప్పుడొకసారి, లోపలికి వచ్చేటప్పుడొకసారి తిప్పుకోవాలి. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు తెలుసు, కానీ నేను చెప్పగా తెలిసింది కాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇదెంత పిరికి పద్ధతో నాకు తెలుసు, మీరు ప్రత్యేకంగా అననక్కర్లేదు.

ముందే ఒక మాట. జాలి కోసం రాయడం లేదు. జాలి అంటేనే నాకు ఒళ్లు మంట. కోపంతో రాస్తున్నాను. ఎవరి మీద కోపం అంటే చాలామంది మీద. మా వీధి మీద, మా తోటల సంఘం మీద, నన్ను పొగిడిన ప్రతి మనిషి మీద. అందరికంటే ఎక్కువగా, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నా వైపు చూసే ఆ పెద్దమనిషి మీద.

నేను సినిమాలకు మాటలు రాసేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ ఫిల్మ్ నగర్ కొండల్లో పడ్డాను. ఒక సినిమాకు కథ, మాటలు మొత్తం నేనే రాశాను. దాని పేరు ఇక్కడ చెప్పను, అనవసరం. జూబ్లీహిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో ఐదు నెలలు సిట్టింగులు జరిగాయి. సీను నేను చెప్పేవాణ్ణి, నేనే ఏడ్చేవాణ్ణి, నేనే నవ్వించేవాణ్ణి. డైరెక్టర్ గారు సోఫాలో పడుకుని వినేవారు. ప్రివ్యూ రోజున మా ఆవిడను కొత్త చీర కట్టుకోమని వెంట తీసుకెళ్లాను. టైటిల్స్ పడ్డాయి. భోజనాలు పెట్టినవాళ్ల పేర్లు పడ్డాయి, కార్లు తోలినవాళ్ల పేర్లు పడ్డాయి. కథ, మాటలు అన్న కార్డు మీద డైరెక్టర్ గారి పేరు పడింది. చీకట్లో మా ఆవిడ నా చేయి పట్టుకుంది. ఇంటర్వెల్ దాకా ఇద్దరం తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయనకు ఆ సినిమాతోనే పేరొచ్చింది. నేను టీవీ సీరియళ్లకు మాటలు రాసుకుంటూ బతికాను. మా ఆవిడ బ్యాంకు ఉద్యోగం పుణ్యమా అని, ఇక్కడ రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని రోజుల్లో కొన్న చిన్న స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. అన్నీ ఉన్నాయి. కానీ నన్ను ఎవరు కదిపినా ఆ టైటిల్ కార్డు సంగతే చెప్పేవాణ్ణి. పెళ్లిళ్లలో చెప్పాను, డాక్టర్ దగ్గర వరసలో కూర్చున్నప్పుడు చెప్పాను. చేసింది ఒకడు, పేరు ఇంకొకడిదా? ఎంత అన్యాయం? ముప్పై ఏళ్లు ఆ కోపం మీద బతికాను. నేను నష్టపోయినవాణ్ణి కాబట్టి మంచివాణ్ణే అయి ఉంటానని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. రావాల్సింది.

ఇక మొక్క సంగతి.

మా ప్రహరీ లోపల ఒక మామూలు ముద్ద నందివర్ధనం ఉండేది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండి, తెల్లగా పూసే చెట్టు. మా ఆవిడ పూజకు కోసుకునేది. తోట పనికి యాదమ్మ వచ్చేది. మా వీధిలో ఐదిళ్ల తోటపని ఆమెదే. బోరబండ స్టేషన్ దాటాక గుట్ట మీద ఇల్లని చెప్పేది. పొద్దున్నే మా ఇల్లు, తర్వాత పక్కిల్లు, అలా చివరి ఇల్లు సెక్రటరీ గారిది. సెక్రటరీ గారంటే మా వీధి వాళ్లూ చుట్టుపక్కల వాళ్లూ కలిసి పెట్టుకున్న తోటల సంఘానికి సెక్రటరీ. ఒకావిడ.

ఒకరోజు ఆ నందివర్ధనం మొదలు దగ్గర ఒక చిన్న రెమ్మ కనిపించింది నాకు. ఆకులన్నీ పాలిపోయి ఉన్నాయి. ఏదో తెగులు పట్టిందని, దాన్ని కోసి పారెయ్యమని యాదమ్మతో చెప్పాను. ఆమె వంగి చూసింది. ఆకు తిరగేసి, వేళ్లతో రాసి, ఎండకు పట్టి చూసింది. ఇది రోగం కాదు, రోగమైతే ఆకు ముడుచుకునేది, ఇది చక్కగా విచ్చుకుంది, జర ఆగుండి అంది. నిజమే. ప్రతి ఆకుకీ నడుమ మీగడ రంగు తెలుపు, అంచు చుట్టూ సన్నగా పచ్చ. నేను పేపరు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆ మొక్క పుట్టుకలో నా వాటా అంతే. కోసెయ్యమన్నాను.

మిగతాదంతా ఆమె చేసింది. ఆ రెమ్మకు గుర్తుగా జాకెట్టు గుడ్డ పీలిక కట్టింది. వానలు మొదలయ్యాక దానికి బెరడు చుట్టూ గీసి, కారిన పాలు తుడిచి, కొబ్బరి పొట్టు తడిపి చుట్టి, పాలిథిన్ కవరుతో అంటు కట్టింది. వేళ్లొచ్చాక కోసి గేటు పక్కన నాటింది. మధ్యాహ్నం ఎండకు తెల్లటి భాగం మాడిపోతుందని పాత చీర ముక్కతో పందిరిలా కట్టింది. ఇలాంటి మొక్కలో అప్పుడప్పుడు పూర్తి పచ్చ కొమ్మ పుట్టుకొస్తుందట. దానికి బలమెక్కువ. వదిలేస్తే మూడు వానాకాలాల్లో చెట్టంతా మళ్లీ మామూలు పచ్చగా అయిపోతుందట. అందుకని ఆమె వారానికోసారి చెట్టు చుట్టూ గొంతుక్కూర్చుని, పచ్చ కొమ్మలు వెతికి, మొదలంటా తీసేసేది. నాలుగేళ్లు చేసింది. ఆ చెట్టు నా ఛాతీ దాకా పెరిగింది. గేటు తీయగానే వెన్నెల చల్లినట్టుండేది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసిపెట్టింది కాదు, కానీ అందరికీ తెలుసు. తోటలో కత్తిరించిన కొమ్మ తోటపని చేసేవాళ్లది. మేకలకు వేసుకుంటారో, పొయ్యిలో పెట్టుకుంటారో, నాటుకుంటారో వాళ్లిష్టం. కొమ్మ కిందపడ్డాక యజమాని అడగడు. యాదమ్మ ఆ నందివర్ధనం కత్తిరించినప్పుడు నాలుగు కొమ్మలు పక్కకు తీసి, పాలు ఆరేదాకా నీడలో పెట్టి, తడిగుడ్డలో చుట్టుకుని, నాకు చూపించి మరీ తీసుకెళ్లింది. ఇంటి దగ్గర నాటుకుంటానంది. అప్పుడు వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. తలూపాను. ఈ తలూపడం గుర్తుంచుకోండి. నేను మర్చిపోయినట్టు నటించాను, మీరు మర్చిపోవద్దు.

ఆ ఏడాది తోటల సంఘం వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికి వచ్చారు. వాళ్లతో మొక్కల గురించి బాగా తెలిసిన ఒక పెద్దాయన వచ్చాడు. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. గేటు దగ్గరే ఆగిపోయాడు. నందివర్ధనంలో అంచు తెలుపు ఉన్నవి నర్సరీల్లో దొరుకుతాయట, ఇలా నడుమ తెలుపు, అంచు పచ్చ ఉన్నది తనెప్పుడూ చూడలేదట. ఆకు పట్టుకుని వదల్లేదు. చివరికి నా వైపు తిరిగి, ఈ రకం ఎవరు తయారుచేశారండీ అని అడిగాడు.

ఆ ప్రశ్న వినడానికి నేను ముప్పై ఏళ్లు ఎదురు చూశాను. ప్రివ్యూ థియేటర్ బయట ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఈ మాటలు ఎవరు రాశారు, ఈ కథ ఎవరిది అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఇప్పుడు అడిగాడు ఒకడు. అడగాల్సిన చోట కాకుండా, నాది కాని చెట్టు పక్కన నిలబడి అడిగాడు. నేనేనండీ అన్నాను.

ఎలా వచ్చింది ఆ మాట? ఎన్నోసార్లు నన్ను నేను నిలదీసుకున్నాను. నోరు జారిందా? కాదు. మా ఇంటి చెట్టు కాబట్టి నాది అన్న అర్థంలో అన్నానా? అదీ కాదు. నాకు రావాల్సింది ఒకటి బాకీ ఉంది, లోకం ఏ రూపంలో తీర్చినా పుచ్చుకోవచ్చు అనిపించింది. దోచుకున్నవాడి దగ్గర వసూలు చేసే దమ్ము లేక, దోచుకోవడానికి వీలైన మనిషి దగ్గర వసూలు చేశాను. యాదమ్మ అప్పుడు పది అడుగుల దూరంలో కుళాయి దగ్గర పైపు చుడుతోంది. ఆమెకు వినపడిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

అక్కడితో ఆగానా? లేదు. సంఘం పత్రికకు వ్యాసం రాయమన్నారు, రాశాను. రచయితను కదా. ఒక ఉదయం సీను కుదరక కిటికీలోంచి చూస్తుంటే ఆ తెల్ల రెమ్మ నన్ను పిలిచినట్టయిందని రాశాను. తెగులనుకుని కోసెయ్యబోయిన పనిమనిషిని ఆపానని రాశాను. చూశారా? నా తెలివితక్కువతనం ఆమెకిచ్చి, ఆమె తెలివి నేను తీసుకున్నాను. ఆకు ముడుచుకోలేదన్న ఆమె మాటను కూడా వదల్లేదు. చక్కటి భాషలో పెట్టి నాదిగా వేసుకున్నాను. మా ఆవిడ ఆ వ్యాసం చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది. యాదమ్మకు చెప్పారా అని మాత్రం అడిగింది. ఏం చెప్పాలి అని విసుక్కున్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు. వ్యాసం చివర ఇంకో మాట కూడా కలిపాను. ఈ మొక్క నగరంలో ఇదొక్కటే, ఒక్క కొమ్మ కూడా ఎవరికీ ఇవ్వలేదు అని. గొప్పకు రాశాను.

ఆ గొప్పే యాదమ్మ మెడకు చుట్టుకుంది.

వ్యాసం చదివి సెక్రటరీ గారు, ఈ మొక్క మనకూ ఒకటి దొరికితే బాగుండునని ఇంట్లో ఎవరితోనో అంటుంటే యాదమ్మ విందట. ఆమెకు చదువు రాదు, వ్యాసం సంగతి ఆమెకేం తెలుసు? మా ఇంటి దగ్గర ఉంది మేడమ్, తెస్తా అని, మర్నాడు తను పెంచిన నాలుగు మొక్కల్లో ఒకటి కుండీలో పెట్టి తీసుకొచ్చి ఇచ్చింది. ఊరికే, ప్రేమగా. సెక్రటరీ గారు నాకు ఫోన్ చేశారు. మీ మొక్క మా పనామె దగ్గరుందే, మీరిచ్చారా అని అడిగారు.

ఇచ్చానండీ అంటే అయిపోయేది. వ్యాసంలో ఏదో అతిశయోక్తి రాశానని నవ్వేసి ఉంటే అయిపోయేది. కానీ అప్పటికే ఆ మొక్కను సంఘం వాళ్ల పూల ప్రదర్శనలో పెట్టడానికి పేరిచ్చి ఉన్నాను. ఇచ్చానంటే, ఆమె ఇంటి దగ్గర నాలుగున్నాయంటే, ఎవరు ఎలా చేశారన్న ప్రశ్న వస్తుంది. ఆమె నోరు విప్పుతుంది. ఇదంతా నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క ఊపిరిలో లెక్క వేసుకున్నాను. వేసుకుని, లేదండీ నేనివ్వలేదు అన్నాను.

గమనించండి, అది అబద్ధం కూడా కాదు. నేను నా చేత్తో ఇవ్వలేదు. ఆమె తీసుకుంటుంటే తలూపాను, అంతే. మాటలు రాసేవాణ్ణి కదా, ఏ మాట ఎంత దూరం పోతుందో నాకు బాగా తెలుసు. దొంగ అన్న మాట నేను అనకుండా అవతలివాళ్లు అనేలా చేశాను. నా వృత్తిలో అంత పనితనం చూపించిన వాక్యం ఇంకోటి లేదు.

సాయంత్రానికి వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. తోటపనామె మొక్కలు ఎత్తుకెళ్లి అమ్ముకుంటోందట, జాగ్రత్త అని. అమ్ముకోవడమన్నది ఎవరు కలిపారో తెలియదు. ఒకరు తమ గులాబీ కుండీ కనిపించడం లేదన్నారు. ఇంకొకరు తమ కత్తెర పోయిందన్నారు. మా వీధి పెద్దల ముచ్చట చూడండి. తొమ్మిదేళ్లు తాళాలిచ్చి ఊళ్లకు వెళ్లినవాళ్లు, అందరికీ ఒకేసారి ఏదో ఒకటి పోయింది. మిగతా నాలుగిళ్లూ ఆమెను మానిపించాయి. వీధి మొదట్లో ఉండే సెక్యూరిటీకి లోపలికి రానివ్వొద్దని చెప్పారు. నేను ఆ మెసేజీలన్నీ చదివాను. ఒక్కొక్కటీ చదివాను. టైప్ చెయ్యడానికి వేలు కూడా పెట్టలేదు.

మూడో రోజు ఆమె వచ్చింది. సెక్యూరిటీ వాడు వెంట వచ్చి గేటు బయట నిలబడ్డాడు. ఆమె చేతిలో మూడు పెరుగు బకెట్లు, వాటిలో మూడు మొక్కలు. మూరెడు ఎత్తున్నాయి. ఒక్క పచ్చ రెమ్మ లేదు వాటిలో. నేను గేటు లోపల నిలబడ్డాను. తియ్యలేదు.

"సార్, కొమ్మలు మీ ముంగటనే తీస్కపోయిన. మీరు చూసిండ్రు గద" అంది.

"చూశాను" అన్నాను.

"మరి మేడమ్‌కు గట్లెందుకు చెప్పిండ్రు?"

"నేనేం చెప్పలేదు యాదమ్మా. నేనివ్వలేదన్నాను, అంతే. దొంగతనం చేశావని నేననలేదు."

ఆమె కాసేపు నా వైపే చూసింది. కోపంగా కూడా కాదు. మొక్కకు ఏమైందో చూసినట్టు చూసింది.

"కాదని గూడ అన్లేదు గద సార్" అంది.

సెక్యూరిటీ వాడు వింటున్నాడేమోనని అతని వైపు చూశాను.

"గివి మీ చెట్టు కొమ్మలే. నా ఇంట్ల ఉంచుకుంటె నేను దొంగనే అయిత" అని ఒక్కో బకెట్టూ గేటు పక్కన దింపింది. దింపి, పెద్ద చెట్టు వైపు చూసింది. "సార్, పచ్చ కొమ్మ వస్తె మొదలుకాడ కొయ్యుండి. కొసలు కొయ్యొద్దు. కొసలు కోస్తె ఇంక జోరుగ వస్తది."

అంత అవమానంలోనూ చెట్టు గురించి చెప్పి వెళ్లింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది? ఒక్క శాపనార్థం పెట్టి ఉంటే, దాన్ని పట్టుకుని ఆమె మీద కోపం తెచ్చుకుని హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఇక్కడితో అయిపోలేదు. ఆపెయ్యాలనుంది, కానీ అసలు నీచం ఇంకా చెప్పలేదు.

ఆమె వెళ్లిన తర్వాత పెద్ద చెట్టును నేనే చూసుకోవాల్సి వచ్చింది. కొత్త తోటమాలిని పెట్టుకోవడానికి భయం, ఏం అడుగుతాడోనని. పచ్చ కొమ్మలు వచ్చాయి. మొదలంటా కొయ్యాలంటే వంగాలి, చెట్టు లోపలికి చెయ్యి పెట్టాలి, ఒళ్లంతా పాలు కారతాయి. నేను నిలబడి పెద్ద కత్తెరతో పైపైన కొసలు కత్తిరించాను. ఆమె ఏది చెయ్యొద్దందో సరిగ్గా అదే. ఒక్క వానాకాలంలో పచ్చ కొమ్మలు గుబురుగా లేచాయి. ప్రదర్శన నాటికి పెద్ద చెట్టు సగం మామూలు నందివర్ధనం అయిపోయింది. చూపించడానికి పనికిరాదు.

అప్పుడు ఏ మొక్కలు పెట్టానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ మూడు పెరుగు బకెట్ల మొక్కలు. మంచి మట్టి కుండీల్లోకి మార్చి, ఆకులు తడిగుడ్డతో తుడిచి, నా పేరు రాసిన అట్ట ముక్క గుచ్చి పెట్టాను. దొంగ సొత్తని ఆమె చేత వెనక్కి తెప్పించుకున్న మొక్కలకు మొదటి బహుమతి వచ్చింది. శాలువా కప్పారు. ఇత్తడి పళ్లెం ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఏం మాట్లాడానో చెప్పనా? టైటిల్ కార్డు గురించి మాట్లాడాను. అవును. మైకు ముందు నిలబడి, చేసినవాడి పేరు చెరిపేసి తన పేరు వేసుకునేవాడు మనిషే కాదన్నాను. గొంతు వణికింది. నిజంగానే వణికింది, నటన కాదు, అదే నాకు ఇంకా అసహ్యం. ముందు వరసలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు. చప్పట్లు కొట్టారు. నేను వెతికి చూశాను, మా ఆవిడ కుర్చీలో లేదు. పార్కింగులో కారు పక్కన నిలబడి ఉంది. పళ్లెం ఆవిడే ఎక్కడో పెట్టేసింది. ఎక్కడని నేనడగలేదు.

అయితే ఆరేళ్లూ ఏం చేశావు అంటారా? ఏమీ చెయ్యలేదు. ఆమె ఎక్కడైనా బాగానే ఉండి ఉంటుందనుకున్నాను. తోటపని తెలిసిన మనిషికి పనేం తక్కువ అనుకున్నాను. మనలాంటివాళ్లకు ఇలాంటి మాటలు ఎంత సులువుగా దొరుకుతాయో. మా వీధి సెక్యూరిటీ వాడు ఒకసారి మాటల్లో చెప్పాడు. ఆమె మధురానగర్ వైపు ఇళ్లలో పని అడిగిందట, ఇంతకుముందు ఎక్కడ చేశావంటే మా వీధి పేరు చెప్పిందట, వాళ్లు ఇక్కడికి ఫోన్ చేసి కనుక్కున్నారట. ఆ తర్వాత ఏదో ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతోందని విన్నాడట. ఆ వేళ్లు గుర్తొచ్చాయి నాకు. ఆకును ఎండకు పట్టి చూసిన వేళ్లు.

ఈ మధ్య సంఘం వాళ్లు ఒక నిర్ణయం చేశారు. ఆ మూడు మొక్కల నుంచి అంట్లు తీయించి, మా కాలనీ పార్కులో గేటు నుంచి లోపలిదాకా వరసగా నాటుతారట. రాతి పలక మీద ఈ రకాన్ని కనిపెట్టినవారు అని నా పేరు చెక్కిస్తారట. రాయి మీద. సినిమా కార్డు అయితే కొన్ని క్షణాలుండి పోతుంది, ఇది నేను పోయాక కూడా ఉంటుంది. వివరాలు నింపి పంపమని కాగితం ఇచ్చారు.

ఆ మర్నాడు బోరబండ వెళ్లాను. స్టేషన్ దాటి గుట్ట ఎక్కాను. మోకాళ్లు పట్టేశాయి. ఒక టీ కొట్టు దగ్గర ముసలాయన్ను యాదమ్మ ఇల్లెక్కడని అడిగాను. "ఏ యాదమ్మ సార్? గీ గల్లీలనే నలుగురున్నరు. ఇంటిపేరేంది?" అన్నాడు. నాకు తెలియదు. పెనిమిటి పేరన్నా చెప్పమన్నాడు. తెలియదు. పిల్లలున్నారా అన్నాడు. ఉన్నారో లేదో తెలియదు. తొమ్మిదేళ్లు నా ఇంట్లో పనిచేసిన మనిషి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పోలీసులా సార్ అని అడిగాడు. కాదని చెప్పి టీ తాగి దిగి వచ్చేశాను. నలుగురి గుమ్మాలూ తట్టవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ కొండ దిగుతుంటే అనిపించింది. నాలుగో తలుపు ఆమెదే అయి, ఆమె తలుపు తీస్తే ఏమనాలో తెలియక తట్టలేదు.

ఇంటికొచ్చి కాగితంలో నా పేరు రాయాల్సిన చోట యాదమ్మ, బోరబండ అని రాసి పంపాను. సెక్రటరీ గారు వెంటనే ఫోన్ చేశారు. యాదమ్మ ఎవరండీ అన్నారు. తన ఇంట్లోంచి దొంగ అని వెళ్లగొట్టిన మనిషి పేరు ఆవిడకు గుర్తులేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత, నాకేం హక్కుందని మండుతోంది అనిపించింది. మనిద్దరం కలిసి పని పోగొట్టిన మనిషండీ, ఆ మొక్క చేసింది ఆవిడే, నేను కాదు అన్నాను.

నేను కళ్లు మూసుకుని కాచుకున్నాను. ఇక తిట్లు పడతాయి, పడనీ అనుకున్నాను. ఆవిడ ఆప్యాయంగా నవ్వింది. "మీది మరీ పెద్ద మనసండీ. పనివాళ్లకు కూడా క్రెడిట్ ఇవ్వాలనుకుంటారు. సరే, పైన మీ పేరు పెట్టి, కింద సహాయం యాదమ్మ అని చిన్నగా వేయిద్దాం, బాగుంటుంది" అంది.

తప్పు ఒప్పుకుంటే దాన్ని కూడా తీసుకెళ్లి నా గొప్పతనం ఖాతాలో వేసేశారు. ఏం మనుషులం మనం? మా వీధిలో ఒకడు నేను నీచుణ్ణి అని చెప్పుకోవాలన్నా వీలుపడదా? అరవబోయాను. కానీ ఇంత చెప్పినవాణ్ణి ఇది కూడా చెప్పాలి. అరవబోయే ముందు ఒక్క క్షణం, ఆ ఏర్పాటు బాగానే ఉందనిపించింది నాకు. ఇద్దరి పేర్లూ ఉంటాయి కదా, ఎవరికీ నష్టం లేదు కదా అనిపించింది. నిజంగా అనిపించింది.

వద్దండీ, ఆమె పేరొక్కటే ఉండాలి అన్నాను. అయితే జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, కమిటీలో పెట్టాలి అంది ఆవిడ. గొంతులో ఆప్యాయత పోయింది.

ఆ ఉత్తరం రాశాను. ఇక్కడ మీకు చెప్పినదంతా అందులో ఉంది, పేర్లతో సహా. నాలుగు రోజులుగా బల్ల మీదే ఉంది. మా ఆవిడ దాని పక్కన పెన్ను పెట్టి వెళ్లింది. పేరు పడలేదని జీవితమంతా గోల పెట్టినవాణ్ణి, ఒక్కచోట నా పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. సంతకం పెడితే మర్నాటి నుంచి వీధిలో నన్ను ఎలా చూస్తారో ఊహించుకుంటున్నాను. ఆమెను ఎలా చూశారో అలాగే చూస్తారు, అంతకంటే ఏముంది? అయినా రావడం లేదు. పెడతానని మీకు మాటివ్వను. నా మాటల మీద నాకే నమ్మకం పోయింది.

మీకు మాత్రం చెప్పేశాను. ఆ నందివర్ధనాన్ని కనిపెట్టింది యాదమ్మ. పెంచింది యాదమ్మ. ఆమె ఎవరి దగ్గరా ఏమీ ఎత్తుకెళ్లలేదు. ఆ మాట అనాల్సిన రోజున గేటుకు ఇవతల నిలబడి నోరు మూసుకున్నాను. ఇది రాస్తుంటే ఆరేళ్లలో మొదటిసారి గుండె కాస్త తేలికపడింది. దానికి కూడా నాకు మండుకొస్తోంది. ఆమెకు ఐదిళ్ల పని పోయింది, మంచి పేరు పోయింది. నాకు నాలుగు కాగితాలు నింపేసరికి ఊపిరి ఆడుతోంది.